దేవుళ్ల వెనక ఒడిజంతువులు

యాత్ర చేసి వచ్చినవాళ్లు కొండలెక్కిన సంగతి, మంచు చూసిన సంగతి రాస్తారు. నేను నాలుగు గోడలు చూసి వచ్చాను. మూడు రోజులనుకున్నది నాలుగు రోజులైంది. బస్సుకు రూపాయి పెట్టలేదు. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు సున్నా టికెట్టు ఇస్తున్నారు కాబట్టి ఈ వయసులో నాకూ యాత్రలు పట్టాయి. నేను అక్షరాలు దిద్దింది అరవై ఒకటో ఏట. నా రాత వంకర ఉంటే సరిచేస్తామని అచ్చు వేసేవాళ్లు అన్నారు. రాత సరిచెయ్యండి, మాట మాత్రం సరిచెయ్యొద్దని చెప్పాను.

కంబదూరు: బయలుదేరిన కారణం

మాది పటాలు కట్టే ఇల్లు. పెళ్లిళ్లు, చావులు, దేవుళ్లు, ఈ మూడింటికీ గాజు ఒకటే. మా ఆయన మౌలాలి చెక్క కోసి మేకులు కొట్టేవాడు, నేను గాజు కోసేదాన్ని. ఆయన నోట్లో నాలుక లేని మనిషని చుట్టుపక్కల మండలాల్లో పేరు. గిరాకీ ఎంత విసిగించినా తల ఊపేవాడే తప్ప ఎదురు మాట అనేవాడు కాదు. పోయి ఆరేళ్లైంది. ఇప్పటికీ "మౌలాలి పెండ్లాం" అంటే కుర్చీ వేస్తారు. నా నోటి సంగతి తెలిసినవాళ్లు కూడా వేస్తారు, ఆయన ముఖం చూసి.

మా మామ కాలంలో ఏదో తెల్లదొర బంగళా ఖాళీ చేస్తూ చిత్తు కాగితాలు తూకానికి అమ్మేశారట. అందులో అట్టలేని పెద్ద పుస్తకం ఒకటి మామ తెచ్చుకున్నాడు. ఒక్కో కాగితం జొన్నరొట్టె మందం. చెదలు కూడా ముట్టలేదు. పుస్తకమని కాదు, పటాల వెనక వేసే అట్టకు పనికొస్తుందని తెచ్చాడు. మా ఆయన చేతికి వచ్చేసరికి నాలుగే కాగితాలు మిగిలాయి. టేకు చెక్కతో కట్టించుకునే పెద్ద పటాలకు మాత్రం అవి వేశాడు. కాగితానికి ఒకవైపు రంగు బొమ్మ, రెండోవైపు తెలుపు. బొమ్మను దేవుడి వీపుకు ఆనించి, తెల్లటివైపు పెన్సిలుతో ఏదో రాసేవాడు. దానిమీద నేను మైదా బంకతో గోధుమరంగు కాగితం అంటించేదాన్ని.

"ఏం రాస్తాండావు?" అని అడిగితే, "కొలతలు" అనేవాడు.

పోయిన నెల కోతులు మా ఊరి పాత సర్పంచి ఇంట్లో నరసింహస్వామి పటం కింద పడేశాయి. గాజు మార్చమని నా దగ్గరికి తెచ్చారు. పటం విప్పాలంటే దేవుణ్ణి బోర్లా పడుకోబెట్టాలి. ఉతికిన తువ్వాలు పరిచి, "తప్పుగా అనుకోవాకు సామీ" అని, పడుకోబెట్టి విప్పాను. వెనక కాగితం మీద గుండ్రటి ముఖం జంతువు ఒకటి, ఎవరిదో వడ్డించిన విస్తరి తినేసి ఏమీ ఎరగనట్టు నవ్వుతోంది. తిప్పితే మా ఆయన రాత. ఇప్పుడు నాకు అక్షరాలొచ్చు. కూడబలుక్కుని చదివేసరికి పొయ్యిమీద అన్నం ఉడికిపోయింది.

"గాజు మురికి అని సర్పంచి మూడుతూర్లు తుడిపించినాడు. మురికి ఆయప్ప కండ్లద్దాలకుండాది. చెప్తే వింటాడా."

ముప్పై నాలుగేళ్లు నేను నా చేత్తో బంక పూసి మూసింది ఇదన్నమాట. కొలతలంట! నోట్లో నాలుక లేదని ఊరంతా అనుకుంటే, ఉన్న నాలుకంతా దేవుళ్ల వెనక దాచిపెట్టాడు. మామూలు అట్టల మీద ఏం రాశాడో చెదలు చదివేసి ఉంటాయి. ఈ నాలుగు కాగితాలనే అవి ముట్టవు.

మర్నాడే అనంతపురం నుంచి వసుంధర మేడం వాళ్లమ్మ ఫోటో కట్టించుకోడానికి వచ్చింది. కాలేజీలో జంతువుల పాఠం చెప్పే లెక్చరరు. బల్లమీద బొమ్మ చూసి కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది.

"ఖాసింబక్కా, ఇది యాడ దొరికింది నీకు?"

"దేవుని వెనక."

"దీన్ని కోక్కా అంటారు. కడుపుకు సంచి ఉండే జంతువు. ఆస్ట్రేలియాలో బతుకుతాది, ఇప్పుడు తగ్గిపోతాండాయి. ఈ బొమ్మ అచ్చేసినాక ఒక్కోదానికీ చేత్తో రంగేసినారక్కా, నూరేండ్ల ముందర మాట. ఇంకా ఉండాయా?"

మూడున్నాయని చెప్పాను. అవీ ఇట్లాంటివే అయి ఉంటాయని, ఫోనులో ఆ దేశపు సంచి జంతువులన్నిటినీ చూపించి వాటి సంగతులు చెప్పింది. ఆమె ఈ నెలాఖరుకు రిటైరవుతుందట. కాలేజీలో సీసాల్లో పాములు, బీరువాలో ఎముకలు తప్ప పిల్లలు చూడ్డానికి ఏమీ లేవట. తను పోయేలోగా ఈ నాలుగూ అక్కడ గోడకు పెట్టి పోవాలని ఆమె ఆశ. చెబుతూనే కాగితం తిప్పబోయింది. నేను అరచెయ్యి అడ్డం పెట్టాను.

"వెనక ఏముండాదక్కా?"

"కొలతలు" అన్నాను.

"మిగతా ఇండ్లు చెప్పక్కా, నేనే పోయి విప్పించి తెచ్చుకుంటా" అంది. అది చాలు నన్ను బస్సెక్కించడానికి. ఈమె విప్పితే ఇంటివాళ్ల ముందే చదువుతుంది. మా ఆయన మంచి పేరు ఒక్క పూటలో చెత్తకుప్పకు పోతుంది. "నువ్వు రావాకు, నేనే తెస్తా. ఆదివారం బుక్కరాయసముద్రంలో మా తమ్మునింటికి రా" అని చెప్పి పంపాను. అయిదు రూపాయలు పెట్టి రబ్బరు కొన్నాను. చదివి, తుడిచి, ఇవ్వాలని లెక్క.

ఆ తమ్ముని ఇల్లు మా నాయన ఇల్లే, నాలుగో కాగితం అక్కడే ఉంది. నా పెళ్లికి ముందు మౌలాలి అక్కడికి వచ్చి మక్కా పటం కట్టాడు. గాజు అరంగుళం తక్కువ కోశాడు. మర్నాడు మళ్లీ వచ్చి వేరే గాజు వేసి పోయాడు. బతుకంతా ఆయన చేతిలో గాజు తప్పింది ఆ ఒక్కసారే, అదీ మా ఇంట్లో. కాపురానికి వచ్చిన వారానికే "మా ఇంట్లోనే తప్పు కోసినోనివి, ఇట్టియ్యి" అని గాజు కోసే వజ్రం ఆయన చేతిలోంచి లాక్కున్నాను. చచ్చేదాకా దెప్పాను. తల ఊపాడే తప్ప మారు మాటాడలేదు. మా ఇంటి మీద ఏం రాసుంటాడో, అది నేనే ముందు చదవాలి.

కళ్యాణదుర్గం: శుక్రవారం దించరు

బస్సులో మైదా బంక డబ్బా మూత ఊడి సంచిలో ఒలికింది. ఆధార్ కార్డు తువ్వాలుకు అంటుకుపోయింది. కండక్టరు పీకి చూసి, "అవ్వా, ముఖం కనపళ్లేదే" అన్నాడు. "ఆ ఫోటోలో ముందునుంచీ కనపడదప్పా" అంటే బస్సంతా నవ్వి సున్నా టికెట్టు ఇప్పించింది.

బస్టాండు పక్కన బొరుగుల ఉగ్గాని, రెండు మిరపకాయ బజ్జీలు నలభై రూపాయలు. మా ఊళ్లో ముప్పై. పది రూపాయలు ఎందుకు ఎక్కువని అడిగితే ఇక్కడ ఫ్యాను ఉందన్నాడు. ఫ్యాను తిరగలేదు.

పాండురంగ శెట్టి కిరాణా కొట్టు, ఇల్లు కలిసే ఉంటాయి. నన్ను చూడగానే కుర్చీ వేయించాడు. "మౌలాలి అట్లాంటి మనిషి మళ్లా పుట్టడక్కా. ఒక్క మాట ఎదురు చెప్పినోడు కాదు" అన్నాడు. నా సంచిలో రబ్బరు కదిలినట్టు అనిపించింది.

"అప్పా, లక్ష్మి పటం దించాల. అట్ట మార్చాల."

"ఈపొద్దు శుక్రవారం గదక్కా! శుక్రవారం లక్ష్మిని బోర్లా పండబెడితే ఇల్లేం గావాల?"

నిజమే, వాళ్లకు ఆ పట్టింపు ఉంది. మేము మక్కా పటం దించడానికి వారం చూడం, చేతులు కడుక్కుంటే చాలు. ఒక పూట అక్కడే ఉండిపోయాను. శెట్టి భార్యతో కూచుని మెంతులేరాను. చిత్రాన్నం పెట్టింది, మంచి మనిషి.

శనివారం పొద్దున ఊదుకడ్డీ వెలిగించి లక్ష్మిని దించారు. తువ్వాలు మరుగున నేను ముందు చదువుకున్నాను. "ఎదురింటి పటం కన్నా అంగుళం పెద్దది కావాలన్నాడు. చేసినా. లక్ష్మి అంతే ఉండాది. చెక్క పెరిగింది." నవ్వు ఆపుకోడానికి దగ్గాల్సి వచ్చింది. బొమ్మ తిప్పి బల్లమీద పెట్టాను.

కోలా అని మేడం చెప్పిన జంతువు. చెట్టుకొమ్మ మీద తాసీల్దారు కుర్చీలో కూచున్నట్టు కూచుంది. ముక్కు మనిషి ముక్కు. అప్పట్లో ఈ బొమ్మలు గీసినవాళ్లలో కొందరు ఆ దేశం ఎన్నడూ పోలేదని, గడ్డి కూరిన తోలు చూసి గీశారని మేడం చెప్పింది. మన అనంతపురం బిడ్డను వాన బొమ్మ గీయమన్నట్టే.

శెట్టి కాసేపు చూసి, కుంకుమ భరిణె తెచ్చి కోలా నుదుట బొట్టు పెట్టాడు. నేను పట్టుకునేలోపు పెట్టేశాడు.

"ఈయప్ప ఏ అవతారం అక్కా?"

"అవతారం కాదప్పా, జంతువు. మేడంకు కావాలంట."

"ఇయ్యను. ఇన్నేండ్లు లక్ష్మి వెనక నిలబడినాడు. ఈయప్ప వచ్చినాకే నాకు రెండో కొట్టు వచ్చింది. దీనికి వేరే పటం కట్టు, గల్లాపెట్టె మీద పెట్టుకుంటా."

బతిమాలితే శెట్లు వినరు. ఉన్న మాట చెప్పాను. "పెట్టుకో. కానీ ఇది పొద్దుకు ఇరవై గంటలు నిద్రపోతాదంట. లేస్తాది, ఆకు తింటాది, మళ్లా పండుకుంటాది. మేడం చెప్పింది."

శెట్టి మెల్లగా తల తిప్పి కొట్లోకి చూశాడు. నలభై ఏళ్ల కొడుకు బియ్యం మూటల మీద వెల్లకిలా పడుకుని గురక పెడుతున్నాడు. పొద్దు పది దాటింది.

"తీసకపో అక్కా" అన్నాడు. "ముందు తీసకపో."

రాప్తాడు: అడగని పాఠం

అనంతపురం పోయి, మళ్లీ బస్సు మారి రాప్తాడు వెనక్కి రావాలి. హైవే మీద హోటళ్లు చూస్తే పెళ్లి పందిళ్లలా ఉన్నాయి. కాఫీ ఇరవై అయిదు. తాగాక చెయ్యి కడుక్కునే చోట అద్దం ఉంది, అందులో నన్ను నేను చూసుకున్న ఖర్చు కూడా కలిపారనుకుంటా.

సుబ్బరాయుడు అయివారు బడి మానేసి ఇరవై ఏడేళ్లైనా పాఠం మానలేదు. నేను గుమ్మంలో ఉండగానే, చెప్పులెందుకు విడవాలో మొదలుపెట్టాడు. అప్పటికే విడిచాను. ఆయన భార్య కమలమ్మ సంగటి, వేరుశనగ పచ్చడి పెట్టింది, మేము చెనిక్కాయల ఊరుమిండి అంటాం. సంగటి వేడికి వేళ్లు కాలినా ఆ ఊరుమిండి కోసం ఇంకో ముద్ద అడిగాను.

సరస్వతి పటం దించి బోర్లా పెట్టాను. కాగితం ఊడబెరుకుతుండగానే అయివారు దాన్ని నా చేతిలోంచి లాక్కున్నాడు.

"నీకు చదువు రాదు గదా, ఇట్టియ్యి."

"వచ్చు అయివారూ. నేర్చుకున్నా."

"రాదులే" అని తనే పెద్దగా చదివాడు. 

"ఈయనకు తెలీనిది లేదు. అడగనిది చెప్తాడు, అడిగింది చెప్పడు. తాగేదానికి నీళ్లడిగితే గంగ యాడ పుట్టిందో చెప్పినాడు."

కమలమ్మ వంటింటి గడపలో చెంబుతో నిలబడిపోయింది. నేను మేకులు ఏరుకుంటున్నట్టు తల వంచుకున్నాను. ముప్పై నాలుగేళ్ల మంచి పేరు ఇక్కడితో సరి.

అయివారు తొడ చరిచి పకపకా నవ్వాడు. "మా అన్న! మా అన్నను గురించే రాసినాడు. వాడట్లే, అచ్చం అట్లే! బలే పట్టినాడే మౌలాలి. నోట్లో నాలుక లేకపోయినా మనిషిని చూసే కన్నుండాది. గంగ ఎక్కడ పుట్టిందో వానికేం తెలుసు? అది పుట్టేది..." అని గంగ పుట్టుక మొదలుపెట్టాడు.

కమలమ్మ కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పోయింది. కాసేపటికి కళ్లు తుడుచుకుంటూ వచ్చి, అడక్కుండానే నాకు రెండో చెంబు నీళ్లు ఇచ్చింది. ఆ ఇంట్లో మా ఆయన అడిగిన నీళ్లు ఇన్నేళ్లకు వచ్చాయి.

బొమ్మ తిప్పేసరికి ఆమె ముఖం మారింది. "ఇదేంది, పందికొక్కు!"

"ఆ దేశపుది వదినా. బంగారు రంగుది. దీనికీ సంచి ఉండాదంట."

"సంచి ఎందుకుండదూ! ఏటేటా నా గాదెలో చెనిక్కాయలు యాటికి పోతాండాయో ఇప్పుడు తెలిసింది. సరస్వతి వెనక కాపరం పెట్టినావా ముండా?" అని బొమ్మ ముక్కు మీద వేలితో పొడిచింది.

తెల్లవాళ్లు ఆ జంతువుకు మన పందికొక్కు పేరే బ్యాండికూట్ అని పట్టుకుపోయి పెట్టారని మేడం చెప్పింది. మన దగ్గర ఆ పేరుకు పొగ పెడతాం, బోను పెడతాం. అక్కడ అదే పేరుకు చట్టం పెట్టి కాపాడుతున్నారట. కాపాడాల్సి ఎందుకొచ్చింది? ఆ తెల్లవాళ్లే వేటాడే సరదాకు నక్కల్ని ఓడలో తెచ్చి వదిలారట. ముందు తినేదాన్ని తెచ్చారు, తర్వాత చచ్చేదాని బొమ్మకు రంగులేసి అచ్చేశారు. మన దగ్గర చెరువు పూడ్చి కట్టిన కాలనీకి ఆ చెరువు పేరే పెట్టినట్టు.

ఆ పూట అక్కడే పడుకున్నాను. రబ్బరు తీసి చూశాను. తుడవబుద్ధి కాలేదు. తనను గురించి రాసింది తనే గట్టిగా చదివి గుర్తుపట్టని మనుషుల దగ్గర ఇక దాచేదేముంది?

అనంతపురం: వీపు లేని దేవుళ్లు

ఆదివారం పొద్దున బస్సు మారే చోట గంట ఖాళీ దొరికింది. ఒక బొబ్బట్టు, మా మాటలో ఓళిగ, ఇరవై రూపాయలకు కొనుక్కుని తింటూ పటాల కొట్టు ముందు నిలబడ్డాను. దేవుళ్లందరూ ప్లాస్టిక్ చట్రాల్లో రంగు లైట్లతో మెరుస్తున్నారు. ఒకాయన్ని తిప్పి చూశాను. వీపున అట్ట లేదు, వైరు ఉంది.

"వెనక ఏం వేస్తారప్పా?"

కొట్టాయన నన్ను ఎగాదిగా చూశాడు. "వెనక ఎవరు చూస్తారవ్వా? ప్లగ్గు పెట్టుకుంటే సాలు."

పాపం, ఇప్పుడు పటం కట్టేవాడికి కడుపు మండితే ఎక్కడ రాసుకుంటాడో.

బుక్కరాయసముద్రం: మా నాయన గోడ

ఊరు పెరిగి టౌనులో కలిసిపోతోంది. నేను చిన్నప్పుడు మేకలు తోలిన చోట అపార్టుమెంటు. చెరువులో మాత్రం ఈసారి నీళ్లున్నాయి. కట్టమీద మనుషులు ఆ నీళ్లతో ఫోటోలు దిగుతున్నారు. మన జిల్లాలో నీళ్లు కూడా చూడాల్సిన విడ్డూరమే.

మా తమ్ముడు ఇమాము చేతులు కడుక్కుని, బిస్మిల్లా అని మక్కా పటం దించాడు. అప్పుడే మేడం స్కూటీ మీద వచ్చింది. ముందు మూడు బొమ్మలూ ఆమె ఒళ్లో పెట్టాను. కోలా నుదుటి కుంకుమ చూసి, "ఇది నా సర్వీసులో చూళ్లేదక్కా" అంది. ఈసారి నేను చెయ్యి అడ్డం పెట్టలేదు. ఒక్కొక్కటే తిప్పి వెనక రాసింది చదువుకుంది. గంగ దగ్గరికి వచ్చేసరికి కుర్చీలోంచి పడబోయింది.

"ఇవి తుడవాల్నా మేడం? రబ్బరుండాది."

"చెయ్యి పెట్టినావంటే నీకూ నాకూ సెడ్డైతాది! బొమ్మ ఎంతో ఇదీ అంతేనక్కా."

ఇక నాలుగోది. పాత మేకులు తుప్పు పట్టి రాలేదు. పట్టకారుతో ఒకటి గట్టిగా లాగేసరికి గాజు టక్కుమని పగిలింది. "ఏమక్కా, చిన్నగా!" అన్నాడు ఇమాము. నేను వినిపించుకోలేదు.

చెవులు కుందేలువి, మూతి ఎలుకది, తోక సగం నలుపు సగం తెలుపు. బిల్బీ అంది మేడం. దాని సంచి మూతి వెనక్కి ఉంటుందట, మట్టి తవ్వేటప్పుడు లోపలి పిల్ల కళ్లలో దుమ్ము పడకుండా. చెనిక్కాయలు ఏరేటప్పుడు మేమూ చీర కుచ్చెళ్లు ఎగదోపి ఒడి కట్టుకుంటాం, మట్టిపెళ్లలు పడకుండా మూతి పక్కకు తిప్పుకుంటాం. ఎవరూ మా బొమ్మకు రంగులెయ్యలేదు.

కాగితం తిప్పాను. పెన్సిలు రాత వెలిసిపోయింది కానీ పోలేదు. గడపలో వెలుతురుకు పట్టుకుని కూడబలుక్కున్నాను.

"టీలో చక్కెర లేదు. పిల్లకు నోరు జాస్తి. గాజు ఆ కొస పట్టుకోమంటే పట్టుకుంది. చెయ్యి అదరలేదు. గాజు కావాలనే అరంగుళం తక్కువ కోసినా. రేపు మళ్లా రావాల."

మళ్లీ మొదటినుంచి చదివాను. ముప్పై నాలుగేళ్ల దెప్పుళ్లు అన్నీ వరసగా గుర్తొచ్చాయి. ఒక్క దానికైనా నోరు తెరిచాడా ఆ మనిషి? తల ఊపాడు. ఊపి, వజ్రం నా చేతికిచ్చి, ఆయన చెక్క ఆయన కోసుకున్నాడు.

"ఏం రాసినాడక్కా బావ?" అన్నాడు ఇమాము.

"కొలతలు."

మేడం నా ముఖం చూసింది. చెయ్యి చాచలేదు. "ఇది ఇయ్యను మేడం, ఈ గోడకే ఉంటాది. బొమ్మ కావాలంటే ఫోను తీసి ఫోటో పట్టుకో" అన్నాను. బొమ్మవైపు మాత్రమే పట్టుకుంది. మూడింటితోనే గోడ నింపుకుంటానని చెప్పి, వాటిని గుడ్డలో చుట్టుకుని స్కూటీ ఎక్కింది.

బిల్బీని మక్కా వెనక యథాస్థానంలో పెట్టాను. కొత్త గాజు కావాలి. ఇమాము సందు చివరి కొట్లోంచి పలక తెచ్చి నేలమీద పరిచాడు. కొలత పెట్టాను, బద్ద ఆనించాను, వజ్రం గీశాను. నలభై ఏళ్లుగా గీస్తున్న గీతే. విరిచి చట్రంలో పెడితే ఒకవైపు సందు కనిపించింది.

ఇమాము వంగి చూసి పడీ పడీ నవ్వాడు. "ఏమక్కా, అరంగుళం తక్కువ కోసినావే! అచ్చం బావ మాదిరే!"

"అవునప్పా" అన్నాను సామాను సర్దుకుంటూ. "రేపు మళ్లా రావాల."